అండమాన్‌కు తీగ చేరింది, తెలుగు పాఠం చేరేదెన్నడు?

చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవులకు సముద్ర గర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ తీగను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న న్యూఢిల్లీ నుంచి వీడియో ద్వారా ప్రారంభించారు. దీవుల ప్రజలకు దానివల్ల ఒనగూడే ప్రయోజనాలలో ఆన్‌లైన్ విద్యను నాడు ముందు వరుసలోనే పేర్కొన్నారు. కొవిడ్ మహమ్మారి కారణంగా దేశమంతటా బడులు మూతపడి అప్పటికి ఐదు నెలలు కావస్తున్నది. తరగతి గది ఇంటికి నడిచి రావలసిన సంవత్సరంలోనే దీవులకు తీగ చేరడం కాకతాళీయమే కావచ్చు. కానీ తీగ ఉంటే చాలు, చదువు దానంతట అదే ప్రవహిస్తుందన్న నమ్మకానికి ఆ కాకతాళీయమే తొలి పరీక్ష అయింది. ఆ పరీక్షలో దీవులలోని తెలుగు విద్యార్థికి దక్కింది ఏమిటన్న ప్రశ్నను ఢిల్లీలో గాని, హైదరాబాద్, అమరావతులలో గాని ఎవరూ గట్టిగా అడిగినట్లు కనిపించదు.

తీగ కథ ముందుగా చెప్పుకోవాలి. దీవుల టెలికాం దుస్థితిపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 జూలైలో కేంద్రానికి సిఫార్సులు చేసింది. కేంద్ర మంత్రివర్గం 2016 సెప్టెంబరులో పథకాన్ని ఆమోదించి, 2018 డిసెంబరు నాటికి పూర్తి కావాలని గడువు పెట్టింది. తీరా ఆ గడువు నెలలో, అంటే 2018 డిసెంబరు 30న, జరిగింది శంకుస్థాపన మాత్రమే. ప్రభుత్వ పథకాల నడక తెలిసినవారికి ఇందులో వింత ఏమీ లేదు. అయితే ఆ తరువాతి పని నిజంగానే వేగంగా సాగింది. సార్వత్రిక సేవా నిధి నుంచి రూ. 1,224 కోట్లు వెచ్చించి, బీఎస్‌ఎన్‌ఎల్ ఆధ్వర్యంలో సుమారు 2,300 కిలోమీటర్ల తీగను ఇరవై నెలలలోపే వినియోగంలోకి తెచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు (2024 సెప్టెంబరులో ఈ నగరానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్‌లకు ఆ తీగ చేరింది.

చేరిన దానికి, అంతకు ముందున్న దానికి పోలికే లేదు. అప్పటివరకు దీవులన్నిటికీ ఉపగ్రహమే ఆధారం. మొత్తం కేంద్రపాలిత ప్రాంతానికి అందుబాటులో ఉన్న బ్యాండ్‌విడ్త్ సెకనుకు నాలుగు గిగాబిట్లకు మించలేదు. ప్రభుత్వ కార్యాలయాలు, బ్యాంకులు, నౌకాదళం, పర్యాటకుల హోటళ్లు, మొబైల్ ఫోన్లు అన్నీ అందులోనే సర్దుకోవాలి. పైగా భూస్థిర ఉపగ్రహం సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి కిందికి వచ్చి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి అర సెకను పడుతుంది. ఉత్తరం పంపుకోవడానికి అర సెకను లెక్కలోనిది కాదు. ఉపాధ్యాయుడు ప్రశ్న అడిగి నలభై మంది పిల్లల జవాబు వినవలసిన తరగతికి మాత్రం ఆ అర సెకనే పెద్ద అడ్డంకి. కొత్త తీగ చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య సెకనుకు 200 గిగాబిట్ల చొప్పున రెండు మార్గాలను, అక్కడినుంచి తక్కిన దీవులకు 100 గిగాబిట్ల చొప్పున రెండేసి మార్గాలను ఇచ్చింది. అంటే ఒక్కసారిగా నూరు రెట్లు. ఈ పెంపుదల సామాన్యమైనది కాదు. దీనిని తక్కువ చేసి చూపడం న్యాయమూ కాదు.

అయినా పటం దగ్గర పెట్టుకుని చూస్తే తీగకు అవతల ఉన్నవారు కూడా కనబడతారు. ఉత్తరం నుంచి దక్షిణానికి 700 కిలోమీటర్లకు పైగా పరచుకొని ఉన్న ఈ ద్వీపమాలికలో మనుషులు నివసించే దీవులు నలభై లోపే. వాటిలో తీగ నేరుగా దిగినవి ఎనిమిది. కచ్చల్, తెరెస్సా, చౌరా వంటి దీవులకు తీగ నేరుగా దిగలేదు. విద్యుత్తు సంగతీ అంతే. దీవులలో కరెంటు ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల నుంచి వస్తున్నది; ఆ డీజిల్ ఓడలో రావాలి. ఉన్నది ఒక్క తీగ కావడం మరొక చిక్కు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీ నికోబార్ దీవుల రూపురేఖలనే మార్చివేశాయి. గ్రేట్ నికోబార్ కొనన ఉన్న ఇందిరా పాయింట్ కుంగిపోయింది. అటువంటి సముద్రపు అడుగున పరచిన తీగ తెగితే మళ్లీ ఉపగ్రహమే దిక్కు. ఇవన్నీ తెలిసిన కష్టాలే. సొమ్ము, సమయం వెచ్చిస్తే తీరేవే. తీగ ఎంత వెడల్పు చేసినా తీరని కష్టం వేరొకటి ఉన్నది. అది భాషకు సంబంధించినది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో బెంగాలీ మాతృభాషగా గలవారు 28.49 శాతం, హిందీ 19.29 శాతం, తమిళం 15.20 శాతం. నాలుగో స్థానం తెలుగుది, 13.24 శాతం. అంటే సుమారు 50 వేల మంది. తెలుగువారు ఆ దీవులకు వెళ్లింది నిన్నా మొన్నా కాదు. మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొరను యావజ్జీవ శిక్షపై పంపింది అక్కడికే. ఆయన తిరిగి వచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. స్వాతంత్ర్యానంతరం ఉత్తరాంధ్ర తీరం నుంచి మత్స్యకార కుటుంబాలు వెళ్లి స్థిరపడ్డాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవులో చేపల వేలం వేళ వినిపించే తెలుగు వారిదే. 1969 నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే పరిసరాలలో భూములిచ్చి స్థిరపరచిన మాజీ సైనికులలోనూ ఆంధ్రులున్నారు. కూలి పనులకు, నిర్మాణ పనులకు, చిన్న వ్యాపారాలకు వెళ్లినవారు సరేసరి. వీరిలో అధిక సంఖ్యాకులు ఇంటి వద్ద ఇంగ్లీషు చెప్పే స్తోమత గలవారు కారు.

దీవుల పాలనా యంత్రాంగం మొదటినుంచీ ఒక మెచ్చుకోదగిన పని చేసింది. హిందీ, ఇంగ్లీషు మాధ్యమాలతో పాటు బెంగాలీ, తమిళం, తెలుగు మాధ్యమాలలో కూడా ప్రభుత్వ పాఠశాలలు నడిపింది. ఇంత చిన్న కేంద్రపాలిత ప్రాంతం ఇన్ని భాషలలో బోధనకు పూనుకోవడం అరుదు. అయితే ఆ బడులన్నీ కేంద్ర మాధ్యమిక విద్యా మండలి, అంటే సీబీఎస్‌ఈ పరిధిలోనివి. సిలబస్ జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలిది, అంటే ఎన్‌సీఈఆర్‌టీది. బల్లపై సుద్దముక్కతో పాఠం చెప్పినన్నాళ్లు ఈ ఏర్పాటు ఎలాగో గడిచింది. ఇంగ్లీషు లేదా హిందీ పుస్తకాన్ని ముందు పెట్టుకుని ఉపాధ్యాయుడు తెలుగులో విప్పి చెప్పేవాడు. లేని పదానికి తనకు తోచిన పదం వాడేవాడు. అనువాదకుడు, వ్యాఖ్యాత, పాఠ్యపుస్తక రచయిత అన్నీ ఆయనే.

బడి మూతపడి పాఠం ఫోనులోకి ఎక్కగానే ఈ ఉపాధ్యాయుడు మధ్యనుంచి తప్పుకున్నాడు. అప్పుడు బయటపడింది అసలు లోటు. తెలుగులో డిజిటల్ పాఠాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ల ద్వారా తరగతులవారీగా పాఠాలు ప్రసారం చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సప్తగిరి చానెల్‌లో పాఠాలు చెప్పించింది. కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్షా వేదికలో రెండు రాష్ట్రాల సామగ్రీ ఉన్నది. కానీ ఇవన్నీ ఆయా రాష్ట్రాల విద్యా పరిశోధన సంస్థలు తమ తమ సిలబస్‌లకు తయారుచేసుకున్నవి. అండమాన్ విద్యార్థి వ్రాయవలసిన పరీక్ష ఆ సిలబస్‌ది కాదు. అతని సిలబస్‌కు సరిపోయే ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు, పుస్తకాలు ప్రధానంగా హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ భాషలకు పరిమితం. ఒక్క మాటలో చెప్పాలంటే, తెలుగులో ఉన్న పాఠం అతని పరీక్షకు పనికిరాదు. పరీక్షకు పనికివచ్చే పాఠం తెలుగులో లేదు. సెకనుకు నాలుగు వందల గిగాబిట్లు ఈ ఖాళీని పూడ్చలేవు.

భాషా విషయంగా సైతం ఒక చిత్రమైన పరిస్థితి ఉన్నది. సీబీఎస్‌ఈ పదో తరగతిలో తెలుగు ఒకటి కాదు, రెండు. రాష్ట్ర విభజన పర్యవసానంగా ఒకటి 007 సంకేతంతో, మరొకటి 089 సంకేతంతో ‘తెలుగు తెలంగాణ’ అనే పేరుతో ఉన్నాయి. తాతల నాడు శ్రీకాకుళం నుంచి వెళ్లి జంగ్లీఘాట్‌లో పుట్టి పెరిగిన పిల్లవానికి ఈ రెండింటిలో తనది ఏది అనే ప్రశ్న ఎదురు కావడం విడ్డూరమే. భాషా పాఠ్యాంశానికి రెండు దారులున్న తెలుగుకు, గణితానికీ భౌతికశాస్త్రానికీ ఒక్క దారి కూడా లేకపోవడం అంతకంటె విడ్డూరం.

పై చదువుల ప్రవేశ పరీక్షల వద్దకు వచ్చేసరికి ఇది విడ్డూరంతో ఆగడం లేదు. వైద్య విద్యా ప్రవేశానికి జాతీయ స్థాయిలో నిర్వహించే నీట్ పరీక్షను 2017 నుంచి తెలుగులోనూ వ్రాయవచ్చు. జేఈఈ మెయిన్‌కు 2021లో ఆ సౌకర్యం కల్పించారు. కానీ ఇటీవలి సంవత్సరాల నీట్ సమాచార పుస్తకాలను తిరగేస్తే, ప్రాంతీయ భాషల ప్రశ్నపత్రాలు ఆయా రాష్ట్రాల కేంద్రాలకే పరిమితమని, తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలలో మాత్రమే లభిస్తుందని తెలుస్తుంది. దీవుల విద్యార్థి తన భాషలో పరీక్ష వ్రాయదలిస్తే సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి విశాఖపట్నమో, మరొక ఊరో చేరుకోవాలి. ఓడ ఎక్కితే ఇంచుమించు మూడు రోజుల ప్రయాణం. విమానం టికెట్టు ధర ఆ కుటుంబాలను అడిగితే చెబుతాయి. పాఠం ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తుందని ఘనంగా చాటుకునే కాలంలో, పరీక్షా పత్రం మాత్రం ఓడ ఎక్కి రమ్మంటున్నది.

తెలుగు మాట్లాడే 50 వేల మంది కోసం ప్రత్యేకంగా పాఠాలు తయారుచేయడం సాధ్యమా అని అధికారులు అడగవచ్చు. భాష పెద్దదైతే ఈ బాధ తప్పుతుందని మనం అనుకోవచ్చు కూడా. అది నిజం కాదనడానికి అరబ్బు దేశాల అనుభవమే తార్కాణం. అరబ్ లీగులో 22 సభ్య దేశాలున్నాయి. అరబ్బీ మాట్లాడేవారు నలభై కోట్లకు పైచిలుకు. వ్రాతకు, చదువుకు అన్ని దేశాలకూ ఒకే ప్రామాణిక భాష ఉన్నది. చమురు సంపదకు కొదవ లేదు. అయినప్పటికీ గణిత, విజ్ఞాన శాస్త్రాలలో నాణ్యమైన ఆన్‌లైన్ పాఠాలు వారికి తమ భాషలో దొరకలేదు. జోర్డాన్‌లో రాణి రానియా సంస్థ 2014లో ‘ఇద్రాక్’ అనే వేదికను నెలకొల్పి అరబ్బీలో ఉచిత కోర్సులు ప్రారంభించింది. దుబాయి పాలకుడు 2017లో అనువాద ఉద్యమం ఒకటి ప్రకటించి, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి చేత 5 వేల గణిత, విజ్ఞాన పాఠాలను అరబ్బీలోకి తెప్పించారు. 2018 అక్టోబరులో ‘మద్రసా’ పేరిట వాటిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. సౌదీ అరేబియా కొవిడ్ సమయంలో ‘మద్రసతీ’ అనే వేదిక ద్వారా తన పాఠశాలలను నడిపింది.

ఇందులో మనం గమనించవలసింది ఇచ్చిన సొమ్ము కాదు, పని జరిగిన క్రమం. అక్కడ మొదట పాఠాన్ని భాషలోకి తెచ్చారు. ఆ తరువాతనే పరికరాల పంపిణీ గురించి ఆలోచించినచోట ఫలితాలు కనబడ్డాయి. క్రమం తలకిందులైన చోట ఏమవుతుందో ఈజిప్టు చూపింది. ఆ దేశం 2018–19 విద్యా సంవత్సరంలో మాధ్యమిక విద్య మొదటి సంవత్సరం విద్యార్థులకు లక్షల సంఖ్యలో టాబ్లెట్లు పంచింది. 2019 మార్చిలో వాటిపై పరీక్ష పెట్టేసరికి వ్యవస్థ కుప్పకూలి, విద్యార్థులు తెరవైపు చూస్తూ కూర్చోవలసి వచ్చింది. ఇక యుద్ధంతో అతలాకుతలమైన యెమెన్, సూడాన్ వంటి దేశాలలో ఆన్‌లైన్ మాట అటుంచి, మామూలు బడికే దిక్కు లేదు. భాష ఒక్కటే అయినంత మాత్రాన అవకాశం ఒక్కటి కాదని ఆ ప్రాంతం నేర్పుతున్నది. తీగల విషయంలోనూ వారి గోడు మనకు కొత్త కాదు. 2008 జనవరిలో ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రపు తీగలు దెబ్బతిన్నప్పుడు గల్ఫ్ దేశాలతో పాటు భారతదేశంలోనూ ఇంటర్నెట్ కుంటుపడింది.

అన్నట్లు, అరబ్బు దేశాలలో ఉన్న తెలుగువారి పిల్లలలో అధికులు చదువుతున్నవి కూడా సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాలలే. కేంద్ర సిలబస్‌కు తెలుగు పాఠాలు తయారైతే వాటి అక్కర జంగ్లీఘాట్‌తోనే ఆగదు. కువైట్, దుబాయి, మస్కట్‌లలోనూ, ఖరగ్‌పూర్, బళ్లారి వంటి తెలుగువారున్న చోట్ల కేంద్రీయ విద్యాలయాలలోనూ ఉంటుంది. 50 వేల మంది లెక్క చూసి పెదవి విరిచే అధికారులకు ఈ లెక్క కూడా చూపవలసి ఉన్నది.

దూరవిద్యలో తెలుగువారు వెనుకబడినవారా అంటే, చరిత్ర అలా చెప్పదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రసారాలు నాలుగు భాషలలో సాగగా, తెలుగు వాటిలో ఒకటి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో వెలసింది హైదరాబాద్‌లోనే. దానికి తొలి ఉపకులపతి అయిన జి. రామిరెడ్డిగారే తరువాత ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. కేవలం విద్య కోసమే తయారైన తొలి భారతీయ ఉపగ్రహం ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న నింగికెగసింది అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి. అండమాన్ సముద్రం వైపే తిరిగి ఉన్న ఆ తీరం నుంచి ఎన్నో ఉపగ్రహాలు వెళ్లాయి. అయితే ఆకాశ మార్గమూ దీవులకు సులువుగా దక్కలేదు. దూరదర్శన్ తన ఉచిత డీటీహెచ్ సేవను 2004 డిసెంబరులో ప్రారంభించినప్పుడు, ప్రధాన భూభాగానికి గురిపెట్టిన కేయూ బ్యాండ్ ప్రసారం అండమాన్‌కు సరిగా అందలేదు. ఆ దీవుల కోసం సీ బ్యాండ్‌లో పది చానెళ్లతో వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది. దేశమంతటికీ ఒకే పథకం అన్న ప్రకటన వెలువడినప్పుడల్లా దీవులకు ప్రత్యేకంగా మరొకటి అవసరం కావడం ఆనాటి నుంచీ ఉన్న సంగతే.

పరికరాల పంపిణీలో మన అనుభవం కూడా గుర్తు చేసుకోదగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు 5 లక్షలకు పైగా ట్యాబులు ఇచ్చింది. ఇంటర్నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలను ముందే వాటిలో నింపి ఇవ్వడం తెలివైన పని. తీగ దిగని కచ్చల్ వంటి దీవులకు ఈ పద్ధతే తగినది. కాకపోతే ఆ పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు సంస్థవి. 2024 జూలైలో ఆ సంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠం సర్కారు సొత్తుగా ఉండాలా, అద్దెకు తెచ్చుకోవాలా అనే ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు అవసరం లేదు.

కళాశాల స్థాయిలో పరిస్థితి కొంత మెరుగు. 1967లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం మొదలైనవి దశాబ్దాల పాటు పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషు మాధ్యమంలో నడిచాయి. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి అక్కడ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. స్వయం వేదికలో చదివిన కోర్సులకు 40 శాతం వరకు క్రెడిట్లు ఇవ్వవచ్చునని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది. అధ్యాపకుల కొరత ఉన్న దీవులకు ఇది ఊరట. కానీ కళాశాల గడప తొక్కేది పాఠశాల దాటినవారే. ఎనిమిదో తరగతిలో గణితం అర్థంకాక మత్స్య పడవ ఎక్కినవానికి ఈ వేదికల పేర్లు తెలిసే అవకాశమే లేదు.

ఇంతకూ ఈ లోటు పూడ్చవలసినది ఎవరు? ఇక్కడే వ్యవహారం చిక్కుపడుతున్నది. దీవుల పాలన కేంద్ర హోం శాఖ పరిధిలోనిది. పాఠశాల సిలబస్ కేంద్ర విద్యాశాఖ సంస్థలది. తెలుగులో పాఠాలు వ్రాయగల నిపుణులు హైదరాబాద్, విజయవాడలలో ఉన్నారు. వారి ప్రభుత్వాలకు దీవులపై అధికారం లేదు, బాధ్యతా లేదు. పోర్ట్ బ్లెయిర్‌లోని రాష్ట్ర విద్యా సంస్థ ఐదు మాధ్యమాలకు సొంతంగా వీడియో పాఠాలు తయారుచేయాలంటే దాని శక్తికి మించిన పని. ప్రాథమిక దశలో భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణలో 1956లోనే చెప్పింది. అది తరగతి గదికి చెప్పిన మాట. తెర మీది తరగతికి ఆ మాట వర్తింపజేసే పని ఎవరి బల్లపైనా లేదు. తెలుగుకే ఇలా ఉంటే, దీవుల సొంత భాష అయిన నికోబారీ గతి ఏమిటని అడగకుండా ఉండలేము. జనాభాలో 7.65 శాతం మంది మాట్లాడే ఆ భాషకు సముద్రానికి అవతల పాఠాలు వ్రాసి పెట్టే రాష్ట్రం ఒక్కటీ లేదు. తెలుగుకు రెండున్నాయి.

అందువల్ల మన పని తేలికైనదే. 2023 జూలైలో సీబీఎస్‌ఈ తన పాఠశాలలకు ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటినీ ఐచ్ఛిక బోధనా మాధ్యమాలుగా వాడుకోవచ్చునని లేఖ వ్రాసింది. 22 భాషలలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే బాధ్యతను కేంద్రం ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. 2025–26 బడ్జెట్‌లో ‘భారతీయ భాషా పుస్తక’ పథకం పేరిట పాఠశాల, ఉన్నత విద్యా గ్రంథాలను భారతీయ భాషలలో డిజిటల్ రూపంలో ఇస్తామని ప్రకటించారు. మరోవైపు ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియెట్ బోర్డు 2025–26 విద్యా సంవత్సరంలో మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తీసుకువచ్చింది. దీని ప్రాముఖ్యాన్ని చాలామంది గుర్తించలేదు. రాష్ట్ర సిలబస్, కేంద్ర సిలబస్ దగ్గరకు వచ్చిన మేరకు విజయవాడలో తయారైన తెలుగు పాఠం పోర్ట్ బ్లెయిర్‌లోనూ పనికి వస్తుంది. ఉభయ రాష్ట్రాలు తమ పాఠ్యపుస్తకాలను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చువేస్తున్నాయి. ఇంట తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు అయిన దీవుల విద్యార్థికి ఇంతకంటె అనువైన పద్ధతి లేదు. ఏ రాష్ట్ర అధ్యాయం ఏ ఎన్‌సీఈఆర్‌టీ అధ్యాయానికి సరిపోతుందో చెప్పే పట్టిక ఒకటి తయారుచేసి, సరిపోని వాటికి మాత్రం కొత్త పాఠాలు చేయించినా సగం భారం తగ్గుతుంది. కొద్దిమంది ఉపాధ్యాయులకు ఒక వేసవి సెలవుల పని అది.

ఆ ఉపాధ్యాయులు దీవులవారే కావడం మేలు. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని తెలుగులో పాఠం విప్పి చెప్పిన అనుభవం వారిది. ఏ పదం పిల్లలకు ఎక్కుతుందో, ఏది ఎక్కదో ప్రధాన భూభాగంలోని నిపుణుల కంటె వారికే బాగా తెలుసు. హైదరాబాద్ గ్రాంథిక పరిభాషలో వ్రాసిన విజ్ఞానశాస్త్రం అక్కడి పిల్లలకు ఇంగ్లీషు కంటె దుర్గ్రాహ్యం కావచ్చు. వారు చెప్పిన పాఠాలను రికార్డు చేసి దీక్షా వేదికలో ఉంచడానికి ఇప్పుడు తీగ అడ్డు రాదు. ఆ వేదికలో పాఠాన్ని ఒకసారి ఫోనులోకి దించుకుంటే తరువాత ఇంటర్నెట్ లేకుండానే చూడవచ్చు కనుక, రేవుకు వచ్చినప్పుడు దించుకుని దీవికి తీసుకుపోయినా సరిపోతుంది.

పుస్తకాలకు, పాఠాలకు సంవత్సరాలు పట్టవచ్చు. ప్రశ్నపత్రానికి అంత కాలం అక్కరలేదు. నీట్ పరీక్ష తెలుగు ప్రశ్నపత్రం లభించే ప్రాంతాల పట్టికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పక్కన అండమాన్ నికోబార్ దీవుల పేరు చేర్చడానికి ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తి కోసం జాతీయ పరీక్షల సంస్థకు లేఖ వ్రాయవలసినవారు దీవుల విద్యాశాఖ అధికారులు. ఆ లేఖను బలపరచవలసినవారు ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో ఉన్న 42 మంది సభ్యులు; అక్కడ దీవులకు ఉన్న స్థానం ఒక్కటే.